చంద్రుడు ఖాళీగా నడిచే గంటలు

మన ఇళ్లలో ఏదైనా మొదలుపెట్టడానికి ముహూర్తాలకు కొదవలేదు. అన్నప్రాశనకు ఉంది, అక్షరాభ్యాసానికి ఉంది, శంకుస్థాపనకు, గృహప్రవేశానికి, కొట్టు తెరవడానికి ఉంది. కొత్త బండిని షోరూం నుంచి బయటికి తీయడానికి కూడా ఉంది. సగంలో ఆగిపోయిన పనిని కూర్చుని ముగించడానికి మంచి సమయం ఏదని మాత్రం సిద్ధాంతిగారిని ఎవరూ అడగరు. సగం నింపిన బీమా ఫారం, తాతగారి పేరు మీదే ఉండిపోయిన కరెంటు మీటరు, స్నేహితుడికి తిరిగి ఇవ్వని పుస్తకం, ఇవన్నీ ఏళ్ల తరబడి మనతోనే కాపురం చేస్తుంటాయి.

పాశ్చాత్య జ్యోతిషంలో ఈ అడగని ప్రశ్నకు ఒక జవాబు ఉంది. దాన్ని వాయిడ్ ఆఫ్ కోర్స్ మూన్ అంటారు. మనం శూన్యమార్గ చంద్రుడు అనుకుందాం. ఈమధ్య యాప్‌లలోనూ, యూట్యూబ్ రాశిఫలాల్లోనూ ఈ మాట తరచుగా వినిపిస్తోంది. "ఈ రోజు సాయంత్రం నుంచి రేపు మధ్యాహ్నం దాకా కొత్త పనులు వద్దు" అని ఫోన్‌లో హెచ్చరిక వస్తుంది. అది చూసి కొందరు బెంగపడతారు. చేతిలో ఉన్న పని కూడా పక్కన పెట్టేస్తారు. నిజానికి ఈ గంటలు చేతులు ముడుచుకుని కూర్చోవడానికి వచ్చినవి కావు. మిగిలిపోయినవాటిని ముగించడానికి వచ్చినవి. ఈ అధ్యాయంలో నేను చెప్పదలచుకున్నది ఇదే. దీన్ని ఎలా లెక్కకట్టాలి, ఎలా వాడుకోవాలి, ఎక్కడ పట్టించుకోకూడదు అన్నవి ఒక్కొక్కటిగా చూద్దాం.

ఆకాశంలో ఏం జరుగుతుంది

చంద్రుడు 27 రోజుల 7 గంటల 43 నిమిషాల్లో రాశిచక్రాన్ని చుట్టి వస్తాడు. అంటే ఒక్కో రాశిలో సుమారు రెండుంబావు రోజులు ఉంటాడు. భూమికి దగ్గరగా వచ్చినప్పుడు రోజుకు 15 డిగ్రీలు దాటి నడుస్తాడు, దూరమైనప్పుడు 12 డిగ్రీల లోపుకు తగ్గుతాడు. సగటు వేగంతో చూస్తే ఒక డిగ్రీ దాటడానికి ఇంచుమించు గంటా 49 నిమిషాలు పడుతుంది.

ఆ రెండుంబావు రోజుల్లో ఆయన ఒక్కో గ్రహంతో ఒక్కో సంబంధం ఏర్పరచుకుంటూ పోతాడు. పాశ్చాత్యులు ఇందులో ఐదింటిని ముఖ్యమైనవిగా లెక్కిస్తారు. గ్రహంతో కలిసి ఉండడం ఒకటి. 60, 90, 120, 180 డిగ్రీల దూరంలో ఉండడం మిగతా నాలుగు. ఒక రాశిలో ఉండగా చంద్రుడు ఇలాంటి సంబంధాల్లో ఆఖరిదాన్ని పూర్తి చేసిన క్షణం నుంచి తర్వాతి రాశిలో అడుగుపెట్టే క్షణం వరకు ఉన్న వ్యవధే శూన్యమార్గం. ఆ రాశిలో ఆయనకు కలవవలసినవాళ్లు ఎవరూ మిగలలేదు. ఉన్నది దారి మాత్రమే.

చంద్రుడు రాశి మారిన ప్రతిసారీ ఇది వస్తుంది. ఏడాదికి దాదాపు 160 సార్లు. ఒక్కోసారి కొన్ని నిమిషాల్లో ముగుస్తుంది, ఒక్కోసారి రోజు దాటుతుంది. ఇంత తరచుగా వచ్చేదాన్ని చూసి భయపడడం మొదలుపెడితే బతుకు సాగదు. దాని లెక్క తెలుసుకుంటే మాత్రం పనికొస్తుంది.

కాగితం మీద ఒక లెక్క

యాప్ చెప్పింది నమ్మేముందు ఒక్కసారైనా ఈ లెక్క మీరే వేసి చూడండి. కావలసింది ఒక కాగితం, ఆ రోజు గ్రహస్థితి. జగన్నాథ హోర లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో గ్రహాలు ఏ రాశిలో ఎన్ని డిగ్రీల్లో ఉన్నాయో దొరుకుతుంది.

ఉదాహరణకు సోమవారం ఉదయం 6 గంటలకు చంద్రుడు మేషంలోకి వచ్చాడనుకుందాం. మిగతా గ్రహాలు ఇలా ఉన్నాయనుకుందాం: శుక్రుడు కర్కాటకంలో 8 డిగ్రీలు, రవి మిథునంలో 12, కుజుడు సింహంలో 17, బుధుడు మిథునంలో 19, శని మీనంలో 21, గురుడు వృషభంలో 24. లెక్క తేలికగా ఉండడానికి, చంద్రుడు అందుకునే సమయానికి అవి ఉండే డిగ్రీలే ఇవి అనుకోండి.

మొదట పనికిరానివాటిని కొట్టేయాలి. చంద్రుడున్న రాశికి రెండు, ఆరు, ఎనిమిది, పన్నెండో రాశుల్లో ఉన్న గ్రహాలతో ఈ ఐదు సంబంధాల్లో ఏదీ కుదరదు. మేషానికి ఆ నాలుగూ వృషభం, కన్య, వృశ్చికం, మీనం. కాబట్టి వృషభంలోని గురుడు, మీనంలోని శని లెక్కలోకి రారు. మిగిలినవాళ్లలో ఎక్కువ డిగ్రీల్లో ఉన్నది ఎవరు? 19 డిగ్రీల బుధుడు. చంద్రుడు మేషంలో 19వ డిగ్రీకి చేరినప్పుడు ఆయనతో 60 డిగ్రీల సంబంధం పూర్తవుతుంది. అదే ఆఖరిది.

ఇక సమయం చూద్దాం. 19 డిగ్రీలకు డిగ్రీకి గంటా 49 నిమిషాల చొప్పున సుమారు ముప్ఫైనాలుగున్నర గంటలు. సోమవారం ఉదయం 6 నుంచి లెక్కిస్తే మంగళవారం సాయంత్రం నాలుగున్నర అవుతుంది. మిగిలిన 11 డిగ్రీలకు దాదాపు 20 గంటలు. అంటే బుధవారం మధ్యాహ్నం పన్నెండున్నరకు చంద్రుడు వృషభంలోకి వస్తాడు. మంగళవారం సాయంత్రం నాలుగున్నర నుంచి బుధవారం మధ్యాహ్నం పన్నెండున్నర దాకా శూన్యమార్గం.

చంద్రుడి వేగం రోజుకో తీరుగా ఉంటుంది కాబట్టి సాఫ్ట్‌వేర్ చెప్పే గంటకూ మన కాగితానికీ కొంత తేడా వస్తుంది. అయినా ఒకసారి ఇలా వేసి చూసినవాళ్లకు ఇందులో మర్మం ఏమీ లేదని, ఇదొక గుణకారం, ఒక కూడిక అని అర్థమవుతుంది. అర్థమైన దాని మీద భయం సగానికి సగం తగ్గిపోతుంది.

ఏ రాశి? ఎవరి గడియారం?

ఇక్కడ మన పాఠకులు తప్పక తెలుసుకోవలసిన సంగతి ఒకటి ఉంది. పాశ్చాత్యులది సాయన పద్ధతి, మన పంచాంగాలది నిరయన పద్ధతి. ఈ రెంటి మధ్య తేడా అయిన అయనాంశ ఇప్పుడు సుమారు 24 డిగ్రీలు. ఆ దూరం నడవడానికి చంద్రుడికి దాదాపు 44 గంటలు కావాలి. కాబట్టి అమెరికా యాప్ "చంద్రుడు మేషంలోకి వచ్చాడు" అన్న తర్వాత ఇంచుమించు రెండు రోజులకు గానీ మన పంచాంగం ఆ మాట అనదు. గ్రహాల మధ్య దూరాలు రెండు పద్ధతుల్లోనూ ఒకటే. రాశి ఎక్కడ ముగుస్తుందన్నది వేరు. అందుకే శూన్యమార్గ గంటలు కూడా వేరవుతాయి.

పంచాంగం చూసే అలవాటున్నవాళ్లకు చంద్రుడి రాశి మార్పు కనిపెట్టడం తేలికే. కృత్తిక మొదటి పాదం ముగిస్తే మేషం అయిపోయినట్టు. మృగశిర రెండో పాదంతో వృషభం, పునర్వసు మూడో పాదంతో మిథునం, ఆశ్లేష నాలుగో పాదంతో కర్కాటకం ముగుస్తాయి. ఆ తర్వాత ఉత్తర ఒకటి, చిత్త రెండు, విశాఖ మూడు, జ్యేష్ఠ నాలుగు. మళ్లీ ఉత్తరాషాఢ ఒకటి, ధనిష్ఠ రెండు, పూర్వాభాద్ర మూడు, రేవతి నాలుగు. ఆశ్లేష, జ్యేష్ఠ, రేవతి ముగిసేచోట రాశీ నక్షత్రమూ ఒకేసారి అయిపోతాయి. ఆ సంధినే మనవాళ్లు గండాంతం అన్నారు. రాశి చివర జాగ్రత్తగా ఉండాలన్న ఆలోచన మనకు కొత్తదేమీ కాదన్నమాట.

ఈ రెండు పద్ధతుల్లో ఏది పట్టుకోవాలి? ఏదైనా ఒకటి పట్టుకోండి, దానితోనే ఉండండి. ఇవాళ సాయనం, రేపు నిరయనం అని వీలును బట్టి మారుస్తూ పోతే మన కోరికలే మనకు ఫలితాలు చెబుతాయి. విదేశీ పట్టికలు వాడేవాళ్లు గడియారం కూడా చూసుకోవాలి. న్యూయార్క్ సమయంతో ఇచ్చిన పట్టికను మన సమయంలోకి మార్చడానికి చలికాలంలో పదిన్నర గంటలు, వేసవిలో తొమ్మిదిన్నర గంటలు కలపాలి. ఊరిని బట్టి మారే రాహుకాలంలా కాకుండా, శూన్యమార్గం ప్రపంచమంతటా ఒకే క్షణంలో మొదలై ఒకే క్షణంలో ముగుస్తుంది. మారేది గోడ మీది గడియారం మాత్రమే.

ఈ ఆలోచన నడిచి వచ్చిన దారి

ఇది నిన్న మొన్న యాప్‌లలో పుట్టింది కాదు. ప్రాచీన గ్రీకు జ్యోతిషులకు ఇది తెలుసు. అయితే వాళ్ల నియమం చాలా కఠినం. చంద్రుడు రాబోయే 30 డిగ్రీల్లో ఏ గ్రహంతోనూ సంబంధానికి రాకపోతేనే శూన్యమార్గం అన్నారు. అలాంటి స్థితి అరుదుగా వస్తుంది. ఇప్పుడు మనం వింటున్న, రాశి సరిహద్దుతో ముగిసే నిర్వచనం ప్రకారమైతే వారానికి మూడుసార్లు కూడా వస్తుంది. అరుదైన దానికోసం చెప్పిన గంభీరమైన ఫలితాలను తరచుగా వచ్చేదానికి అంటగట్టడం వల్లే నేటి అయోమయంలో చాలాభాగం పుట్టింది.

ఆ భావన అరబ్బు, పారశీక జ్యోతిషుల చేతుల మీదుగా రెండు వైపులకు వెళ్లింది. తూర్పున మన దేశానికి తాజిక శాస్త్రంగా వచ్చింది. అక్బరు కాలంలో నీలకంఠుడు 1587లో రచించిన తాజిక నీలకంఠిలో పదహారు యోగాలు ఉన్నాయి. వాటిలో ఖల్లాసరం ఒకటి. చంద్రుడు శూన్యమార్గంలో ఉండి, లగ్నాధిపతితోనూ కార్యాధిపతితోనూ సంబంధం లేకపోతే ఖల్లాసరం. అది కంబూల యోగమిచ్చే మంచి ఫలితాన్ని చెడగొడుతుందని ఆ శాస్త్రం చెబుతుంది. పడమట ఇదే ఆలోచన ఇంగ్లండు చేరింది. నీలకంఠుడి గ్రంథం వచ్చిన 60 ఏళ్లకు, 1647లో, లండన్ జ్యోతిషుడు విలియం లిల్లీ తన క్రిస్టియన్ ఆస్ట్రాలజీలో దీన్ని వివరించాడు. చంద్రుడు శూన్యమార్గంలో ఉంటే పనులు కష్టంగా సాగుతాయంటూనే ఒక మినహాయింపు ఇచ్చాడు. వృషభం, కర్కాటకం, ధనుస్సు, మీనం రాశుల్లో ఉంటే అప్పుడు కూడా ఆయన కొంత పని చేసిపెడతాడట. కర్కాటకం చంద్రుడి సొంతిల్లు, వృషభం ఉచ్చస్థానం, ధనుర్మీనాలు గురుడి ఇళ్లు. జ్యోతిషం తెలిసిన తెలుగువాళ్లెవరికైనా ఈ మినహాయింపులో ఉన్న తర్కం ఇట్టే అందుతుంది.

20వ శతాబ్దంలో అమెరికాలో ఆల్ మోరిసన్ అనే జ్యోతిషుడు ఈ గంటల పట్టికలను ప్రచురించి సామాన్యుల్లోకి తీసుకెళ్లాడు. ప్రశ్న జ్యోతిషంలో ఒక సూత్రంగా ఉన్నది రోజువారీ హెచ్చరికగా మారడంలో ఆయన పాత్ర పెద్దది.

దీన్ని కేమద్రుమ యోగంతో కలగాపులగం చేసేవాళ్లూ ఉన్నారు. వరాహమిహిరుడి బృహజ్జాతకంలో కనిపించే కేమద్రుమం జాతకచక్రంలో చూసేది: చంద్రుడికి రెండులోనూ పన్నెండులోనూ గ్రహాలు లేకపోవడం. దానికి భంగాలు కూడా చెప్పారు. శూన్యమార్గం గంటల లెక్కన వచ్చి పోయేది. మీ జాతకంలో ఒకటి ఉన్నంతమాత్రాన రెండోది మీకు ప్రత్యేకంగా కీడు చేస్తుందని ఎవరైనా అంటే రెంటినీ కలిపేస్తున్నారని గ్రహించండి.

'ఏమీ కాదు' అన్న జవాబు

లిల్లీ ఈ స్థితిని ప్రధానంగా వాడింది ప్రశ్న చెప్పడానికి. మనిషి వచ్చి ప్రశ్న అడిగిన క్షణానికి చక్రం వేసి, చంద్రుడు ఎవరివైపు నడుస్తున్నాడో చూసి జవాబు చెప్పడం. ఎవరివైపూ నడవకపోతే జవాబు: ఏమీ జరగదు.

ఒకే గంటలో ఇద్దరు సిద్ధాంతిగారి దగ్గరకు వచ్చారనుకోండి. ముందు ఒక తల్లి అడుగుతుంది: "మా అమ్మాయికి ఆ ఖమ్మం సంబంధం కుదురుతుందాండీ?" ఆయన చక్రం చూసి, "ఇప్పట్లో కదలిక కనిపించడం లేదమ్మా, ఇంకొన్నాళ్లు ఆగండి" అంటాడు. ఆమె ముఖం చిన్నబోతుంది. వెనకే ఒక కుర్రాడు వస్తాడు: "కంపెనీలో మనుషుల్ని తీసేస్తున్నారు గురువుగారూ. నా ఉద్యోగం ఉంటుందా?" అదే చంద్రుడు, అదే శూన్యమార్గం. ఈసారి ఆయన నవ్వుతాడు: "ఏమీ కాదు నాయనా, ధైర్యంగా ఉండు."

కోరికకు చేదుగా తగిలిన మాటే భయానికి మందైంది. శూన్యమార్గాన్ని చెడు కాలమని ఒక్క ముక్కలో తేల్చేయకూడదని నేను గట్టిగా చెప్పేది ఇందుకే. ఈ గంటల్లో పుట్టిన కొత్త ఆశ నిలబడదన్న సంప్రదాయమే, ఈ గంటల్లో పుట్టిన కొత్త భయం కూడా నిలబడదని చెబుతోంది. అర్ధరాత్రి మెలకువ వచ్చి పిల్లల చదువు గురించో, అప్పుల గురించో మనసు పరుగు పెడుతున్నప్పుడు ఈ రెండో సగం గుర్తుంచుకోండి. రాత్రి పదకొండింటికి కోపంలో రాసిన మెసేజ్‌ను పంపకుండా పొద్దున్న దాకా ఉంచడానికి కూడా ఇది చక్కని సాకు.

మన పంచాంగం మీద ఇంకో బరువు వద్దు

మన పంచాంగంలో ఇప్పటికే వదిలేయమని చెప్పే సమయాలు చాలా ఉన్నాయి. పన్నెండు గంటల పగటిలో రాహుకాలం గంటన్నర, యమగండం గంటన్నర, గుళిక కాలం గంటన్నర. దుర్ముహూర్తం 48 నిమిషాలు, కొన్ని వారాల్లో రెండుసార్లు. వర్జ్యం సుమారు గంటన్నర, అది పగలు పడవచ్చు, రాత్రి పడవచ్చు. ఇవన్నీ పగలే వచ్చి, ఒకదాని మీద ఒకటి పడకపోతే ఏడున్నర గంటల దాకా పోతాయి. దీని మీద 20 గంటల శూన్యమార్గాన్ని కూడా నిషేధంగా పెట్టుకుంటే ఇక పని చేసేదెప్పుడు?

కాబట్టి ఒక నియమం పెట్టుకోండి. ముహూర్తం కావలసిన పనికి, అంటే పెళ్లికి, గృహప్రవేశానికి, ఉపనయనానికి, మీ ఇంటి ఆచారం ప్రకారం పంచాంగమే చూడండి. అక్కడ శూన్యమార్గాన్ని తెచ్చి పెట్టకండి. శూన్యమార్గాన్ని మీ సొంత దినచర్యకు వాడుకోండి. నిషేధాల జాబితాకు ఇంకొకటి చేర్చకుండా, ముగింపు పనులకు ఒక సమయం కేటాయించుకున్నట్టవుతుంది.

ఈ దోషానికి శాంతి చేయించాలని, తాయెత్తు కట్టుకోవాలని ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి. గంటల్లో తనంతట తానే ముగిసేదానికి శాంతి ఎందుకు?

ఈ గంటల్లో ఏం చేయాలి

మళ్లీ మన ఉదాహరణలోని మంగళవారం సాయంత్రానికి వెళదాం. ఇంటి ముందుగదిలో కుట్టుమిషను పెట్టుకుని నాలుగు రాళ్లు సంపాదించుకుంటున్న ఒక గృహిణిని ఊహించుకోండి. పీకో మిషను ఒకటి కొనాలని ఆమె ఆలోచన. ఆ సాయంత్రమే వెళ్లి అడ్వాన్స్ ఇచ్చి రావాలనుకుంది. శూన్యమార్గం గురించి విని, మర్నాటికి వాయిదా వేసింది. ఇంతవరకూ ఎవరైనా చేస్తారు. ఆ తర్వాత ఏం చేసిందన్నదే ముఖ్యం.

గోడవారగా ఉన్న పెద్ద బట్టల సంచీని నేల మీద కుమ్మరించింది. హుక్కులు కుట్టని జాకెట్లు నాలుగు. కాజాలు మిగిలిన చొక్కా ఒకటి. ఫాల్ సగం దాకా కుట్టి, మిగతా సగానికి పిన్నీసులు పెట్టి వదిలేసిన పట్టుచీర ఒకటి. ఎవరిదో గుర్తులేక అడుగున పడి ఉన్న ఆది జాకెట్టు ఒకటి. మిషను ఎక్కకుండానే, సూదీ దారంతో చేతిపని మొదలుపెట్టింది. తొమ్మిదిన్నరకల్లా నాలుగు జాకెట్ల హుక్కులూ అయిపోయాయి. చీర ఫాల్ బుధవారం పొద్దున్న ముగిసింది. నోటుబుక్కు తీసి పాత బాకీలు రాసింది. "అక్కా, మీ జాకెట్లు రెడీ, పాత బాకీ కూడా ఉంది" అని ముగ్గురికి ఫోన్ చేసింది. ఆది జాకెట్టు ఎవరిదో కనుక్కుని కవర్లో పెట్టింది. మధ్యాహ్నం పన్నెండున్నర దాటాక షాపుకు బయల్దేరేసరికి పీకో మిషను అడ్వాన్సుకు కావలసిన డబ్బులో కొంత ఆ బాకీల నుంచే వచ్చింది.

కొత్తదానికి కావలసిన చోటు, డబ్బు, తీరిక చాలాసార్లు పాతదానిలోనే ఇరుక్కుని ఉంటాయి. శూన్యమార్గ గంటలు వాటిని విడిపించే గంటలు. మీ వృత్తి ఏదైనా ఈ పనులు అప్పుడు బాగా కుదురుతాయి:

• సగంలో ఉన్న పనిని ముగించడం, ముగించలేనని తేలినదాన్ని ధైర్యంగా వదిలేయడం.

• సంతకం పెట్టవలసిన ఒప్పందాన్ని, అద్దె అగ్రిమెంటును తీరిగ్గా రెండోసారి చదవడం. సంతకం మర్నాడు పెట్టవచ్చు.

• జమాఖర్చులు సరిచూసుకోవడం, బాకీలు అడగడం, తీసుకున్నవి తిరిగి ఇవ్వడం.

• చదివిన పాఠాన్ని మళ్లీ చదవడం. కొత్త అధ్యాయం కంటే పునశ్చరణ మేలు.

• చాలాకాలంగా మాట్లాడని పాత మిత్రుడికి, పెద్దమ్మకి, మేనత్తకి ఫోన్ చేయడం.

• బీరువా, ఫోన్ గ్యాలరీ, బల్ల సొరుగు సర్దడం.

• జపం, ధ్యానం, నిద్ర.

మీ చేతిలో ఉంటే వాయిదా వేసుకోదగినవి కొన్ని ఉన్నాయి. కొత్త వ్యాపారం ప్రకటించడం, పెద్ద వస్తువు కొనడం, కొత్త భాగస్వామితో మొదటి మాట, దీర్ఘకాలపు ఒప్పందం. "మీ చేతిలో ఉంటే" అన్న మాటను మాత్రం రెండుసార్లు చదవండి.

ఆపకూడని పనులు

జ్వరంతో ఉన్న పిల్లాడిని ఆస్పత్రికి తీసుకెళ్లడానికి చంద్రుణ్ణి అడగక్కరలేదు. డాక్టరు చెప్పిన ఆపరేషన్ తేదీని సొంతంగా మార్చకండి. మందులు, పరీక్షలు, కోర్టు వాయిదాలు, ఈఎంఐలు, రైలు ప్రయాణాలు, ఆఫీసు గడువులు, కష్టంలో ఉన్నవాళ్లకు సాయం, వీటిలో ఏదీ శూన్యమార్గం కోసం ఆగకూడదు.

ఇంటర్వ్యూ ఆ గంటల్లో పడిందని కంగారుపడేవాళ్లకు సంప్రదాయంలోనే జవాబు ఉంది. లెక్కకు వచ్చేది పని మొదలైన క్షణం. మీ ఉద్యోగ ప్రయత్నం మీరు దరఖాస్తు పంపిన రోజే మొదలైంది. ఇంటర్వ్యూ దాని కొనసాగింపు. పరీక్ష ఏడాది చదువుకు కొనసాగింపు. కొనసాగింపులకు ఈ గంటలు అడ్డు కావు. నిశ్చింతగా వెళ్లండి.

ఇంకో ప్రమాదం కూడా ఉంది. బద్ధకానికి శాస్త్రం తోడు దొరికితే దాన్ని కదిలించడం ఎవరి తరమూ కాదు. "చంద్రుడు బాగాలేడు" అని వ్యాయామం మానేసేవాళ్లు, కట్టవలసిన బిల్లు వాయిదా వేసేవాళ్లు చంద్రుణ్ణి అడ్డం పెట్టుకుని తమనే మోసం చేసుకుంటున్నారు. ఆలస్యం అమృతం విషం అన్న మాట మన పెద్దలు ఊరికే అనలేదు. ఒక పనిని శూన్యమార్గం పేరుతో ఒక్కసారి వాయిదా వేయవచ్చు. రెండోసారి అదే పనిని ఇంకో కారణంతో వాయిదా వేశారంటే అసలు కారణం ఆకాశంలో లేదు, మీలో ఉంది. దాన్ని వెతకండి.

ఈ నెల అభ్యాసం

శూన్యమార్గంలో మొదలైన పనులు నిజంగానే ఎక్కువగా చెడతాయని విజ్ఞానశాస్త్రం నిరూపించలేదు. ఇది తరతరాలుగా జ్యోతిషులు పాటించిన సంప్రదాయం. అందుకే మిమ్మల్ని నమ్మమని అడగను. చేసి చూడమంటాను. ఒక చిన్న నోటుబుక్కు తీసుకోండి.

మొదటి పేజీలో మీ ఇంట్లో, ఆఫీసులో, మనసులో మిగిలిపోయిన పనులన్నీ రాయండి. చిన్నదని ఏదీ వదలకండి. బల్బు మార్చడం దగ్గర నుంచి అన్నయ్యతో ఆగిపోయిన మాటల దాకా అన్నీ రాయండి. ఒక్కోదాని పక్కన అది ఎంతసేపు పడుతుందో వేయండి: పావుగంట, గంట, పూట. శూన్యమార్గం వచ్చినప్పుడల్లా ఆ వ్యవధికి సరిపోయే ఒక్క పని ఎంచుకుని ముగించి, కొట్టేయండి. నలభై నిమిషాలే ఉంటే పావుగంట పని చాలు. అర్ధరాత్రి పడితే హాయిగా నిద్రపోండి, అదీ ఆ గంటలకు తగినదే.

రెండో పేజీ పరీక్ష కోసం. ఈ నెలలో కొత్తగా మొదలుపెట్టిన ప్రతి పనినీ తేదీ, సమయంతో రాయండి. రాసేటప్పుడు శూన్యమార్గ పట్టిక చూడకండి. ఆ పని ఎలా సాగిందో నెలాఖరున పక్కనే ఒక్క మాటలో రాయండి: సాగింది, ఆగింది, మారింది. అన్నీ రాశాకే పట్టిక తెరిచి పోల్చండి. ముందు పట్టిక చూస్తే మన మనసు దానికి తగ్గట్టు ఫలితాలు ఏరుకుంటుంది. తర్వాత చూస్తే నిజం చెబుతుంది.

రెండో పేజీలో ఏం తేలినా సరే, దాన్ని బట్టి మీ నమ్మకాన్ని మీరే నిర్ణయించుకోండి. మొదటి పేజీలో కొట్టివేతలు మాత్రం మీ చేతి కష్టంతో వచ్చినవి, వాటి లాభం మీకు ఎలాగూ దక్కుతుంది. ఈ రోజే గ్రహస్థితి తెరిచి, చంద్రుడు ఈ రాశిలో ఆఖరుగా ఎవరిని దాటుతాడో లెక్కకట్టండి. తేలిన గంటను మొదటి పేజీ తల మీద రాసి, దాని కింద మొదటి పని పేరు రాయండి.